బాగ్దాద్ పడిన మర్నాటికి ప్లాన్ లేకపోయిందా, ఉన్న ప్లాన్ పక్కన పడేశారా?

మసకమబ్బు

ఇరవయ్యేళ్లు దాటిపోయింది కాబట్టి కాస్త నిదానంగా మాట్లాడుకోవచ్చనుకుంటున్నా. 2003 ఇరాక్ యుద్ధం ప్రస్తావన ఎక్కడ వచ్చినా ఒకటే మాట వినపడుతుంది: "అమెరికావాళ్లకి యుద్ధం తర్వాత ఏం చేయాలో ప్లానే లేదు" అని. నేనూ అదే అనేవాణ్ణి. పాత నివేదికలు తిరగేయడం మొదలుపెట్టాక ఆ మాట పూర్తిగా నిజం కాదనిపిస్తోంది.

వాళ్ల విదేశాంగ శాఖ 2002లోనే "ఫ్యూచర్ ఆఫ్ ఇరాక్" అని ఒక ప్రాజెక్టు పెట్టింది. ప్రవాస ఇరాకీలను కూర్చోబెట్టి, 17 బృందాలుగా చేసి, 13 సంపుటాలు రాయించింది. కోర్టులు, కరెంటు, నీళ్లు, ఖజానా, ఏదీ వదల్లేదు. 2003 ఫిబ్రవరిలో, అంటే యుద్ధానికి నెల ముందు, ఆర్మీ వార్ కాలేజీలో ఇద్దరు నిపుణులు ఇంకో నివేదిక ఇచ్చారు. గెలిచాక చేయాల్సిన 135 పనులు వరసగా రాసిపెట్టారు. ఇరాక్ సైన్యాన్ని రద్దు చేస్తే కొంప మునుగుతుందని కూడా అందులోనే ఉంది.

మరి వీటిని అమలు చేయాల్సిన ఆఫీసు ఎప్పుడు పుట్టింది? 2003 జనవరి 20న. యుద్ధం మార్చి 20న. రిటైరైన జనరల్ జే గార్నర్‌ని తెచ్చి పెట్టారు. ఆయన ఫిబ్రవరిలో అన్ని శాఖలవాళ్లనీ పిలిచి రెండు రోజులు సమీక్ష పెట్టుకున్నాడు. అక్కడ ఒకాయన లేచి వరసగా ప్రశ్నలు అడుగుతుంటే, ఎవరీయన ఇంత తెలిసినట్టున్నాడు అని గార్నర్ ఆరా తీశాడు. ఆ 13 సంపుటాల ప్రాజెక్టు నడిపిన టామ్ వారిక్ ఆయనే! అలాంటి ప్రాజెక్టు ఒకటి జరిగిందనే సంగతే గార్నర్‌కి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. వెంటనే తన జట్టులోకి తీసుకున్నాడు. కొద్ది రోజులకే రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ పిలిచి, అతన్ని తీసేయమన్నాడు.

నాకు అర్థం కానిది ఇక్కడే. ఒళ్లు వంచి రాసిన పని చేతిలో ఉండగా ఎందుకు వద్దనుకున్నారు?

ఓరుగల్లు పోరడు

గీ ప్లాన్ల ముచ్చట ఎందుకన్నా. అసలు యుద్ధమే అబద్ధం మీద జేసిండ్రు. సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నయన్నరు, దేశమంత తవ్విండ్రు, ఏం దొరకలే. దొంగ ఇంట్ల జొచ్చిండు, పోయేటప్పుడు తలుపు దగ్గరగ ఎయ్యలేదని మీకు కోపమా?

మసకమబ్బు

పోరడు తమ్ముడూ, యుద్ధం న్యాయమా అన్యాయమా అనేది వేరే థ్రెడ్‌లో మూడు వందల పోస్టులు నడిచింది, అక్కడ నేను నీ పక్షమే. కానీ తలుపు తీసి పెట్టి వెళ్లినందుకే ఆ ఇంట్లోవాళ్లు ఇన్నేళ్లు చచ్చారు కదా. అది వేరే నేరం. దాని గురించి వేరేగా అడగొచ్చు.

రిటైర్డ్ సుబేదార్

ఫౌజులో పనిచేసినవాడిగా ఒక ముక్క చెబుతాను. ఊరు పట్టుకోవడం ఒక ఆర్డరు. పట్టుకున్న ఊరిని నిలబెట్టుకోవడం ఇంకో ఆర్డరు. మొదటిది వచ్చి రెండోది రాకపోతే జవాను చేసేదేమీ ఉండదు, ట్యాంకు మీద కూర్చుని చూస్తాడు. బాగ్దాద్‌లో జరిగింది అదే. నగరాన్ని పట్టుకున్న మూడో ఇన్‌ఫాంట్రీ డివిజను తన సొంత నివేదికలోనే రాసుకుంది, యుద్ధం నుంచి బందోబస్తుకు మారే దశకు పైనుంచి మాకు ప్లాన్ ఏదీ అందలేదని. ఒక డివిజను తన పై అధికారుల గురించి కాగితం మీద ఇలా రాయడం చిన్న సంగతి కాదు.

ఏప్రిల్ 9న ఫిర్దౌస్ చౌరస్తాలో సద్దాం విగ్రహం కూలింది, ప్రపంచమంతా టీవీలో చూశాం. మర్నాటి నుంచే లూటీ. జాతీయ మ్యూజియంలో సుమారు 15,000 వస్తువులు పోయాయి. మ్యూజియం సిబ్బంది దగ్గరలో ఉన్న సైనికుల దగ్గరికి వెళ్లి ఒక్క ట్యాంకు గేటు ముందు పెట్టండి చాలు అని బతిమాలారు. ఆర్డరు లేదన్నారు. కాపలా వచ్చింది 16వ తేదీన. ఈలోగా 14న జాతీయ గ్రంథాలయం తగలబడింది.

గార్నర్ ఆఫీసు ముందే 16 చోట్ల జాబితా ఇచ్చింది, వీటిని కాపాడండి అని. మొదటిది సెంట్రల్ బ్యాంకు, రెండోది మ్యూజియం, చిట్టచివర పదహారోది చమురు మంత్రిత్వ శాఖ. కాపలా పడింది ఆ పదహారోదానికి.

రక్షణ మంత్రిగారు 11వ తేదీన ప్రెస్ ముందుకొచ్చి, ఇలాంటివి జరుగుతుంటాయి, స్వేచ్ఛ అంటే కాస్త చిందరవందరగానే ఉంటుంది అన్నారు. మా హవల్దార్ ఎవడైనా స్టోర్‌రూమ్‌లో దొంగతనం పడ్డాక నాతో ఆ మాట అనుంటే వాడికి ఆ రోజు భోజనం ఉండేది కాదు.

లెక్కలపంతులు

మబ్బుగారి ప్రశ్నకి నా దగ్గర ఒక జవాబు ఉంది. ప్లాన్ వేస్తే లెక్క తేలుతుంది. లెక్క తేలితే యుద్ధం అమ్ముడుపోదు. అందుకే ప్లాన్ వద్దనుకున్నారు. ఇది కుట్ర సిద్ధాంతం కాదు, బయటికొచ్చిన మాటలు వరసగా పేర్చి చూడండి.

2002 సెప్టెంబరులో అధ్యక్షుడి ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే ఈ యుద్ధానికి 10,000 నుంచి 20,000 కోట్ల డాలర్లు కావచ్చని ఒక పత్రికతో అన్నాడు. డిసెంబరులో ఉద్యోగం పోయింది. (నిజానికి ఆయన చెప్పింది కూడా తక్కువే, తర్వాత అయినదాంతో పోలిస్తే.) 2003 ఫిబ్రవరి 25న సైన్యాధిపతి జనరల్ షిన్‌సెకి సెనేట్ కమిటీ ముందు, గెలిచాక దేశాన్ని అదుపులో ఉంచడానికి కొన్ని లక్షలమంది సైనికులు కావాలన్నాడు. బోస్నియాలో శాంతి సేనతో పనిచేసి వచ్చిన మనిషి. రెండు రోజులకే రక్షణ ఉపమంత్రి వుల్ఫోవిట్జ్ ఇంకో కమిటీ ముందు ఆ మాట కొట్టిపారేశాడు. ఆయన తర్కం చూడండి: యుద్ధం చేయడానికి కావాల్సినంతమంది కంటే, యుద్ధం అయ్యాక కాపలాకి ఎక్కువమంది కావాలంటే ఊహకే అందడం లేదట!

లెక్క పెద్ద కష్టమేం కాదు. కొసావోలో ప్రతి వెయ్యిమంది జనానికి దాదాపు 20 మంది సైనికుల్ని దించారు. ఇరాక్ జనాభా అప్పటికి రెండున్నర కోట్లు. వెయ్యికి 20 అంటే 5 లక్షలు. దింపింది లక్షన్నర చిల్లర. సద్దాం సైన్యాన్ని ఓడించడానికి అది చాలింది, మూడు వారాల్లో అయిపోయింది. ఒక్కో వీధి చివరా మనిషిని నిలబెట్టడానికి చాల్లేదు.

డబ్బు సంగతి ఇంకా బాగుంటుంది. ఇరాక్ చమురు అమ్ముకుని తన పునర్నిర్మాణం తనే చేసుకుంటుందని మార్చి నెలాఖరున పార్లమెంటుకి చెప్పారు. ఏప్రిల్‌లో వాళ్ల సహాయ సంస్థ అధిపతి టీవీలో కూర్చుని అమెరికా పెట్టాల్సింది 170 కోట్ల డాలర్లే, అంతకు మించి ఉండదు అన్నాడు. నవంబరుకల్లా ఒక్క పునర్నిర్మాణానికే 1,840 కోట్లు మంజూరు చేయాల్సొచ్చింది. ఏడు నెలల్లో పదింతలు దాటింది. మా ఎనిమిదో తరగతి పిల్లాడు ఇంత తప్పు చేస్తే చెవి మెలేసేవాణ్ణి.

గోడమీదపిల్లి

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను అటువైపు నుంచి మాట్లాడతా, తిట్టకండి.

ప్లాన్ లేదనడం అన్యాయం. చాలా వాటికి సిద్ధమయ్యారు. లక్షలమంది శరణార్థులు సరిహద్దుల మీద పడతారని గుడారాలు, మందులు, తిండి సిద్ధం చేశారు. చమురు బావులు తగలబెడతారని ఆర్పే జట్లను తెచ్చిపెట్టారు. రసాయన దాడికి మాస్కులు పంచారు. అవేవీ జరగలేదు. జరగనివాటికి సిద్ధమైనందుకు మెచ్చుకునేవాడు ఉండడు, జరిగినదానికి సిద్ధం కానందుకు మాత్రం ఇరవయ్యేళ్లు తిడతాం.

ఇక ఇరాక్ సైన్యం. రద్దు చేశారు రద్దు చేశారు అంటారు. రద్దు చేయడానికి ఏముంది? మే నెలకి ఒక్క బ్యారక్‌లో మనిషి లేడు. అందరూ యూనిఫారం విప్పేసి ఇళ్లకి పోయారు. మంచాలు, కిటికీలు, కుళాయిలతో సహా జనం పీక్కుపోయారు. పైగా అదే సైన్యం కుర్దుల మీదా, దక్షిణాదిన షియాల మీదా చేసిన ఘోరాలు తెలిసినవే. మళ్లీ పిలిస్తే వాళ్లు ఊరుకునేవారా? జరిగిపోయాక జ్ఞానం అందరికీ ఉంటుంది.

కువైట్ బావ

మాస్కుల మాట వచ్చింది కాబట్టి చెప్తుండా. మాది కడప జిల్లా, అప్పుడు నేను కువైట్‌లో ఎలక్ట్రీషియన్ పని చేస్తాంటి. సైరన్ మోగితే చాలు, రూములో పన్నెండు మందిమి కిటికీ సందులకు ప్లాస్టరు టేపు అంటిచ్చుకోని కూర్చుంటాంటిమి. మాస్కు లేనోడు తడిగుడ్డ ముక్కుకు కట్టుకునేది. మార్చి 29 రాత్రి సముద్రం ఒడ్డున సూక్ షర్క్ మాల్ కాడ క్షిపణి పడింది, ఆ సప్పుడు ఇప్పటికీ మర్చిపోలా. 1991లో ఆరు నూర్ల పైన బావులు కాలింది సూసిన పెద్దోళ్లు మాతో ఉండ్రి, వాళ్లు మళ్లీ అదే అవుతాదని తట్టాబుట్టా సర్దుకున్యారు. పిల్లిగారు చెప్పింది నిజమే, అందరూ పాత యుద్ధానికే తయారైనారు.

ఆ గార్నర్ సార్ మనుషులు కూడా అప్పుడు కువైట్‌లోనే బీచి కాడ ఓటేల్లో ఉండ్రి. బాగ్దాద్ తొమ్మిదో తేదీన పడితే ఈయన 21న పోయినాడు. పన్నెండు దినాలు. ఒక ఊరు ఊడ్చుకోని పోనీకి అన్ని దినాలు యాడ కావల్ల?

నేను 2003 ఆఖర్లో బస్రా పక్క పనికి పోయినా. రాత్రికి మళ్లీ రాస్తా, డ్యూటీ టైమైంది.

నీలాంబరి

గోడమీదపిల్లిగారూ, మీరు చెప్పిన రెండో పాయింటుతో నాకు పేచీ ఉంది.

బ్యారక్‌లు ఖాళీగా ఉన్నాయన్నది నిజం. ఇళ్లకి పోయినవాళ్లని తిరిగి పిలవొచ్చన్నదీ నిజం. నిజానికి పిలుస్తున్నారు కూడా! బాగ్దాద్‌లో అమెరికన్ అధికారులు ఇరాకీ ఆఫీసర్లతో కూర్చుని మాట్లాడుతున్నారు, జీతం ఇస్తే వస్తామని లక్షకు పైగా పేర్లు నమోదయ్యాయి. ఆ సైనికులతో రోడ్లూ వంతెనలూ బాగుచేయించాలన్న గార్నర్ ఆలోచనకి మార్చిలో అధ్యక్షుడే సరే అన్నాడు. మే 12న గార్నర్ స్థానంలో పాల్ బ్రెమర్ దిగాడు. 16న ఆర్డర్ నంబర్ 1, సద్దాం బాత్ పార్టీవాళ్లని ఉద్యోగాల్లోంచి తీసేస్తూ. 23న ఆర్డర్ నంబర్ 2, సైన్యం రద్దు. పదకొండు రోజుల్లో రెండూ. గార్నర్, అక్కడి సీఐఏ అధికారి ఇద్దరూ వెళ్లి వద్దని చెప్పినా ఆగలేదు.

మొదటి ఆర్డరు చూడ్డానికి బాగానే ఉంటుంది, నియంత పార్టీ కదా పోతే పోనీ అనిపిస్తుంది. వివరం చదివితే గుండె జారుతుంది. పార్టీలో పై నాలుగు అంచెలవాళ్లు నేరుగా ఔటు, మళ్లీ ప్రభుత్వోద్యోగానికి పనికిరారు. అది కాక ప్రతి మంత్రిత్వ శాఖలో, యూనివర్సిటీలో, ఆస్పత్రిలో పై మూడు అంచెల ఉద్యోగులు పూర్తి సభ్యులైతే చాలు, ఏ అంచె అయినా సరే, ఔటు. ప్రమోషన్ కావాలంటే సభ్యత్వం తీసుకోక తప్పని దేశంలో దీని అర్థమేమిటి? ఆస్పత్రి నడిపే డాక్టరు, హెడ్మాస్టరు, నీళ్ల ట్యాంకుల ఇంజనీరు. వేలమంది టీచర్లు పోయారు.

రెండో ఆర్డరుతో కొన్ని లక్షలమంది తుపాకీ పట్టడం వచ్చినవాళ్లు జీతం, పెన్షను లేకుండా వీధిన పడ్డారు. జూన్ 18న జీతాల కోసం అమెరికన్ల ఆఫీసు గేటు ముందు ధర్నా చేస్తే కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఐదు రోజులకి నెలకి 50 నుంచి 150 డాలర్లు భృతి ఇస్తామని ప్రకటించారు. ఆ డబ్బు మే 23నే ఇచ్చుంటే? ప్రకటించేసరికి ఒక నెల గడిచింది, అల్ కాకా లాంటి ఆయుధాగారాల తలుపులు తెరిచే ఉన్నాయి.

"జరిగిపోయాక జ్ఞానం" అన్నారు. అప్పటి బ్రిటన్ ప్రధాని టోనీ బ్లెయిర్ వాదన కూడా ఇదే. ఈ యుద్ధం మీద బ్రిటన్ వేసిన విచారణ, 2016 జులై 6న వచ్చిన చిల్కాట్ నివేదిక, ఆ వాదనని ఒప్పుకోలేదు. అంతర్గత కలహాలు, ఇరాన్ జోక్యం, ప్రాంతమంతా అస్థిరత, అల్ ఖైదా చేరడం, ఇవన్నీ దండయాత్రకి ముందే కాగితాల మీద ఉన్నాయని తేల్చింది. తెలియక చేసింది కాదండీ, తెలిసి.

గోడమీదపిల్లి

పేర్లు నమోదయిన సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. కానీ ఒక్క మాట. 1945లో జర్మనీలో నాజీలని ఇలాగే తీసేశారు కదా, అక్కడ తిరుగుబాటు రాలేదేం?

నీలాంబరి

అక్కడ ప్లానింగ్ 1942లోనే మొదలైంది! అమెరికాలోని షార్లట్స్‌విల్‌లో మిలిటరీ పాలన నేర్పే స్కూలే తెరిచారు, ఫ్రాన్సులో నార్మండీ తీరాన సైన్యం దిగడానికి రెండేళ్ల ముందు. ఇక్కడ రెండు నెలలు. జపాన్‌లో అయితే చక్రవర్తినీ, గుమాస్తాలనీ ఉన్నచోటే ఉంచి వాళ్ల చేతే పని చేయించుకున్నారు. జర్మనీలో కూడా తర్వాత చాలామందిని వెనక్కి తెచ్చుకోక తప్పలేదు లెండి, అది వేరే కథ. ఇంకోటి, అక్కడ దేశం పూర్తిగా చితికిపోయి లొంగిపోయింది, వీధి వీధినా సైన్యం ఉంది. పంతులుగారి వెయ్యికి 20 లెక్క గుర్తుంది కదా.

ఓరుగల్లు పోరడు

పైసల ముచ్చట ఎవ్వరు జెప్తలేరు. న్యూజెర్సీ నుంచి విమానాలల్ల నోట్ల కట్టలు దెచ్చిండ్రు, ప్లాస్టిక్ జుట్టి, పాలెట్ల మీద బెట్టి. ఎక్కువ నూరు డాలర్ల నోట్లే. మొత్తం 1,200 కోట్ల డాలర్లు, బరువు 363 టన్నులట! పైసలు గూడ ఇరాకోళ్లయే. తర్వాత ఆడిటోళ్లు వచ్చి 880 కోట్లకు సరిగ్గ లెక్క లేదన్నరు. మా ఊరి సొసైటీల సంచి ఎరువుకు మూడు సంతకాలు దీస్కుంటరు.

మోడరేటర్

చర్చ బాగుంది. ఇక్కడి పార్టీల గొడవ తెచ్చిన రెండు పోస్టులు తీసేశాను. ఇరాక్ మీదే ఉందాం.

రిటైర్డ్ సుబేదార్

మోడరేటర్ గారూ, మన దేశం మాట ఒక్కటి, ఇరాక్‌కి సంబంధించిందే. ఆ ఏడు ఒక డివిజను పంపమని అమెరికా మనల్నీ అడిగింది. ఢిల్లీలో పెద్ద చర్చే జరిగింది, పంపాలన్నవాళ్లూ ఉన్నారు. 2003 జులై 14న వాజ్‌పేయి ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి ఆదేశం లేనిదే పంపం అని తేల్చేసింది. మాలో శ్రీలంక వెళ్లొచ్చినవాళ్లు ఆ రోజు ఊపిరి పీల్చుకున్నారు. 1987లో శాంతి కాపాడమని జాఫ్నా పంపితే, మూడు నెలలు తిరక్కుండానే యుద్ధంలో దిగాం. వెయ్యిమందికి పైగా తిరిగి రాలేదు. అక్కడ కూడా నేను పైన చెప్పిన మొదటి ఆర్డరే ఉండేది, రెండోది రాలేదు.

లెక్కలపంతులు

ఆగస్టు 19న అదే ఐక్యరాజ్యసమితి ఆఫీసే లేచిపోయింది. కెనాల్ హోటల్ మీద ట్రక్కు బాంబు, 22 మంది పోయారు, ఇరాక్‌లో ఐక్యరాజ్యసమితి ప్రతినిధి సెర్జియో వియెరా డి మెల్లో సహా. ప్రపంచంలో ఇలాంటి దేశాల్ని నిలబెట్టడం తెలిసిన కొద్దిమందిలో ఆయన ఒకడు.

నేర్చుకున్నారా అంటే, 2011లో లిబియా. అక్కడి నియంత గడ్డాఫీ పోయాక ఏమిటన్నది మళ్లీ ఎవరూ చూడలేదు. 2016లో ఒబామాని మీ పెద్ద పొరపాటు ఏది అని అడిగితే, బహుశా అదే అన్నాడు. నా మాట మీదే నేను ఉన్నా, మబ్బుగారూ. మర్నాటి ఖర్చు ముందే చెబితే ఓటు పడదు. చెప్పినవాడి ఉద్యోగం ఉండదు.

మసకమబ్బు

పంతులుగారి జవాబు చాలావరకు ఒప్పుకుంటున్నా, కానీ దాంట్లో తెలివి ఎక్కువ కనపడుతోంది. అంత లెక్క వేసుకుని దాచారంటే నమ్మబుద్ధి కావడం లేదు. ఇరాకీలు పూలతో ఎదురొస్తారు, పోలీసులు మర్నాడు యథాప్రకారం డ్యూటీకి వస్తారు, సెప్టెంబరుకల్లా మన సైన్యం చాలావరకు ఇంటికొచ్చేస్తుంది అని నిజంగానే నమ్మినట్టున్నారు. మే 1న ఓడ మీద "మిషన్ అకంప్లిష్డ్" బ్యానరు కట్టుకున్నారంటే అది నాటకం ఒక్కటే కాదు. ఇల్లు అలకగానే పండగ అనుకున్నారు. ఆ 13 సంపుటాలు రాసినవాళ్లు ఆ నమ్మకానికి అడ్డం వచ్చారు, అంతే.

లెక్కలపంతులు

నమ్మినవాడికీ దాచినవాడికీ తేడా మీకు ముఖ్యం. బాగ్దాద్‌లో ఉన్నవాడికి?

కువైట్ బావ

డ్యూటీ అయిపోయింది. బస్రా పక్క సంగతి చెప్తానంటి కదా.

సరిహద్దు కాడ సఫ్వాన్ గేటు దాటినాక రోడ్డు పొడుగునా కరెంటు టవర్లు పడిపోయి ఉండ్య. బాంబులకు కాదు. కాళ్ల కాడ బోల్టులు ఊడదీసి, తాళ్లు కట్టి పడగొట్టినారు, తీగ కోసం. ఆ తీగ కరగబెట్టి అమ్ముకుంటాండ్రి. దినామూ ఒక పక్క మేం తీగ లాగేది, రాత్రి ఇంకో పక్క తీగ పోయేది. కావలి పెట్టండి అంటే మా మేనేజరు, అది మన కాంట్రాక్టులో లేదు అనేవాడు.

మాకు ఇచ్చిన పని ఒక పాత సబ్‌స్టేషన్. లోపల ప్యానెళ్లు అన్నీ పీక్కోని పోయినారు, డ్రాయింగులు ఉండే ఆఫీసు కాల్చినారు. యా కేబులు యా ఫీడరుకు పోతాదో చెప్పేటోడు లేడు. వారం దినాలు కేబుళ్లు టెస్టు చేసే మెగ్గరు మిషను పట్టుకోని ఒక్కో కేబులు ఎతుక్కుంటాంటిమి.

ఒకరోజు గేటు కాడికి ఒక ముసలాయన వచ్చినాడు. ఇస్త్రీ చేసిన చొక్కా, చంకలో దిండు గలీబు. ఇరవై రెండేళ్లు ఆ సబ్‌స్టేషన్‌కు ఇంజనీరంట. పార్టీలో ఫిర్ఖా అనే అంచెలో ఉన్యాడని తీసేసినారంట. నీలాంబరి మేడమ్ చెప్పిన ఆ పై నాలుగు అంచెల్లో ఆఖర్ది అదే. లిస్టులో పేరు ఉంది కాబట్టి గేటు కాడ మిలిట్రీ వాళ్లు లోపలికి ఇడ్సలా. ఆ గలీబులో ఏముంది అంటే డ్రాయింగులు. లూటీ అయ్యే దినం ఇంటికి ఎత్తుకోని పోయినాడంట, అవి మిగిలినాయి.

మా పికప్ బానెట్ మీద పరిచి, పెన్సిలుతో ఒక్కొక్కటి చూపిచ్చినాడు. మా వారం దినాల పని అర్ధగంటలో తేలిపోయింది. కాయితాలు మాత్రం చేతికి ఇయ్యలా, ఎంత అడిగినా. జిరాక్సు తీసుకోని ఇస్తాం సార్ అన్యా. మా క్యాంపులో మిషను ఉంది, జనరేటరు ఉంది, ఆయప్పను లోపలికి రానియ్యరు. ఊళ్లో జిరాక్సు అంగడి ఉంది, కరెంటు లేదు. ఆఖరికి నీళ్ల బాటిళ్ల అట్టపెట్టె చించి, దాని మీద నేనే చూసి గీసుకున్యా. ఎండకు బానెట్ కాలుతాంటే ఆయప్ప రెండు చేతులతో ఆ డ్రాయింగు అట్లే అదిమి పట్టుకోని నిలబడినాడు, నేను గీసేదాకా.